అమెరికా కాథలిక్ చరిత్ర ఉత్తరాలపై పరిశోధన: వెతకడం నుంచి ఉటంకించడం దాకా

అమెరికా కాథలిక్ సంఘ చరిత్రను మూలపత్రాల నుంచే చదవాలనుకునే తెలుగు విద్యార్థులు, గురువిద్యార్థులు (ప్రీస్టు కావడానికి చదివేవారు), అక్కడ స్థిరపడి తమ విచారణ (పారిష్) చరిత్ర రాయబూనినవారు మళ్లీ మళ్లీ అడిగేది ఒక్కటే. పాత ఉత్తరాలు ఎక్కడ దొరుకుతాయి, దొరికాక వాటిని ఎలా చదవాలి, ఎలా వాడుకోవాలి? ఆ పని మొదటి నుంచి చివరిదాకా ఏ వరుసలో చేయాలో కింద ఉంది.

మొదట ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి. ఉత్తరం రాసినవారి పెట్టెలో ఉండదు, అందుకున్నవారి పెట్టెలో ఉంటుంది. ఈ చిన్న సంగతి మరచినందువల్లే చాలామంది నెలల తరబడి తప్పు ఊళ్లో వెతుకుతారు.

## 1. ప్రశ్నను ఇరుకు చేసుకోండి

"అమెరికా కాథలిక్ చరిత్ర" అని ఏ భాండాగారాన్ని (ఆర్కైవ్‌ను) అడిగినా జవాబు రాదు. "1830లలో సిన్సినాటి బిషప్ పర్సెల్‌కూ న్యూ ఆర్లీన్స్ బిషప్ బ్లాంక్‌కూ మధ్య నడిచిన ఉత్తరాలు" అని అడిగితే ఆర్కివిస్టు పెట్టె సంఖ్యతో సహా చెప్పగలరు. అందుకే కంప్యూటర్ తెరవకముందే ఒక కాగితం మీద ఈ వివరాలు రాసుకోండి.

- రాసిన వ్యక్తి పూర్తి పేరు, ఆ పేరుకు ఉన్న ఇతర రూపాలు
- అందుకున్న వ్యక్తి, అప్పట్లో ఆయనకు లేదా ఆమెకు ఉన్న పదవి
- ఊరు, అప్పట్లో ఆ ఊరు ఏ మేత్రాసనం (ఒక బిషప్ పాలనలోని ప్రాంతం) కింద ఉండేదో
- వెతకవలసిన కాలం, వీలైతే పదేళ్లకు మించకుండా
- ఉత్తరాలు ఏ భాషలో ఉండవచ్చు

మూడో అంశాన్ని తేలికగా తీసుకోకండి. 1789లో బాల్టిమోర్ మేత్రాసనం ఏర్పడే వరకు సంయుక్త రాష్ట్రాల్లో బిషప్ లేరు. 1808లో బాల్టిమోర్ అగ్రపీఠమై (ఆర్చ్‌బిషప్ పీఠమై), దాని కింద బోస్టన్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా, బార్డ్‌స్టౌన్ మేత్రాసనాలు వెలిశాయి. బార్డ్‌స్టౌన్ పీఠం 1841లో లూయీవిల్‌కు మారింది. కాబట్టి కెంటకీలోని ఒక పల్లె గురించి 1805లో రాసిన విన్నపం బాల్టిమోర్‌కు వెళ్లి ఉంటుంది, 1820 నాటిది బార్డ్‌స్టౌన్‌కు, 1850 నాటిది లూయీవిల్‌కు. పల్లె కదలలేదు, ఉత్తరం చేరే చోటు మాత్రం రెండుసార్లు మారింది.

## 2. ఉత్తరం ఎవరికి చేరిందో తేల్చండి

తరువాత బాల్టిమోర్ తొలి బిషప్ అయిన జాన్ క్యారల్‌నే ఉదాహరణగా తీసుకుందాం. 1784లో రోమ్ ఆయనను అమెరికా మిషన్ పెద్దగా నియమించింది. 1785 మార్చి 1న ఆయన అక్కడి మతపరిస్థితిపై కార్డినల్ అంటొనెల్లీకి నివేదిక పంపారు. మేరీల్యాండ్‌లో సుమారు 15,800 మంది కాథలికులు, పెన్సిల్వేనియాలో కనీసం 7,000 మంది ఉన్నారన్న లెక్క అందులోదే. ఆ పంపిన ప్రతి కోసం బాల్టిమోర్‌కు పోవడం సరికాదు. అంటొనెల్లీ ప్రొపగాండా ఫీదే (మిషన్ దేశాల సంఘాలను చూసే రోమ్ కార్యాలయం) అధిపతి, కాబట్టి పత్రం చేరింది రోమ్‌కు. 1622లో ఏర్పడిన ఆ కార్యాలయం కిందే అమెరికా సంఘం 1908 దాకా ఉంది. అంటే క్యారల్ కాలం నుంచి ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ల దాకా, అమెరికా బిషప్పులు రోమ్‌తో జరిపిన వ్యవహారంలో సగం ప్రొపగాండా భాండాగారంలో ఉంటుంది.

మరి రెండో సగం? రోమ్ నుంచి వచ్చిన జవాబులు ఆయా మేత్రాసనాల్లో ఉంటాయి. రెండు వైపులా చదివితేనే సంభాషణ పూర్తవుతుంది. దీన్ని ప్రతి జంటకూ వర్తింపజేసుకోండి.

- బిషప్ రోమ్‌కు రాసినది ప్రొపగాండాలో ఉంటుంది, రోమ్ జవాబు మేత్రాసన భాండాగారంలో.
- మేరీల్యాండ్ యేసు సభ (జెస్యూట్) పెద్ద తన మహాధిపతికి (మొత్తం సభకు పెద్దకు) రాసినది రోమ్‌లోని యేసు సభ కేంద్ర భాండాగారంలో ఉంటుంది, మహాధిపతి జవాబు మేరీల్యాండ్ ప్రావిన్స్ పత్రాల్లో.
- మఠకన్య తన బిషప్‌కు రాసినది బిషప్ పత్రాల్లో ఉంటుంది, ఆయన ఆమెకు రాసినది మఠ భాండాగారంలో.
- పత్రికా సంపాదకుడికి వచ్చినవి ఆయన సొంత పత్రాల్లో ఉంటాయి. న్యూయార్క్ ఫ్రీమన్స్ జర్నల్ సంపాదకుడు జేమ్స్ మెక్‌మాస్టర్ పత్రాలు నోటర్ డేమ్‌లో ఉన్నది అందుకే.

ఈ సూత్రానికి మినహాయింపులు ఉన్నాయి. రాసినవారు చిత్తుప్రతి దాచుకోవచ్చు, గుమాస్తా చేత నకలు పుస్తకంలో ఎక్కించవచ్చు. పందొమ్మిదో శతాబ్దంలో తడి చేసిన పల్చటి కాగితాన్ని సిరా ఆరీఆరని ఉత్తరం మీద అదిమి నకలు తీసే పద్ధతి విరివిగా వాడుకలో ఉండేది. పంపిన ప్రతి దొరకనప్పుడు ఇవే దిక్కు. అయితే చిత్తులో ఉన్న మాట పంపిన ఉత్తరంలో ఉండకపోవచ్చు. మీరు చదివినది చిత్తా, నకలా, పంపిన ప్రతా అన్నది మొదటి రోజే నోట్సులో రాసుకోండి.

తెలుగు ప్రాంత మిషన్ల చరిత్ర చదివేవారికీ ఈ సూత్రం పనికివస్తుంది. 1866లో హెర్బర్ట్ వాన్ ఇంగ్లండులో స్థాపించిన మిల్ హిల్ సంఘం 1871లో తన తొలి గురువులను బాల్టిమోర్‌కు, బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతివారి మధ్య పనిచేయడానికి పంపింది. ఆ సంఘం గురువులే తరువాత నెల్లూరు, గుంటూరు ప్రాంతాలకు వచ్చారు. అమెరికాలోని శాఖ 1893లో విడివడి జోసెఫైట్ సభ అయింది. అంతవరకు రెండు చోట్ల గురువులూ లేఖలు రాయవలసింది ఒకే సంఘాధిపతికి.

## 3. ఏ భాండాగారంలో ఏముందో తెలుసుకోండి

ఊరి పేరును బట్టి వెతికితే ఇక్కడ బోల్తా పడతారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో జేమ్స్ ఫార్న్‌హమ్ ఎడ్వర్డ్స్ అనే గ్రంథపాలకుడు, మేత్రాసనాల్లో అటకలెక్కి పాడవుతున్న పాత కాగితాలను ఇండియానాలోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయానికి చేర్చడం పనిగా పెట్టుకున్నారు. ఫలితంగా న్యూ ఆర్లీన్స్, సిన్సినాటి, డెట్రాయిట్ మేత్రాసనాల పాత ఉత్తరాలు పెద్ద ఎత్తున నోటర్ డేమ్‌లో ఉన్నాయి. లూసియానా చరిత్ర రాసేవారు ముందు ఇండియానా వైపు చూడాలి.

ముఖ్యమైన చోట్లు ఇవి.

నోటర్ డేమ్ విశ్వవిద్యాలయ భాండాగారం. పైన చెప్పిన మేత్రాసన పత్రాలతో పాటు రచయిత ఒరెస్టీస్ బ్రౌన్సన్ పత్రాలు, రోమ్ ప్రొపగాండా పత్రాల మైక్రోఫిల్ములు ఇక్కడ ఉన్నాయి. కొత్తవారు ఇక్కడి నుంచే మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. కారణం తరువాతి అంచెలో వస్తుంది.

బాల్టిమోర్ సెయింట్ మేరీస్ సెమినరీలోని సంయుక్త భాండాగారం. బాల్టిమోర్ అగ్రపీఠం, సల్పీషియన్ గురువుల సంఘం, సెమినరీ, ఈ మూడింటి పత్రాలూ ఒకే చోట ఉంటాయి. క్యారల్, ఆయన తరువాతి ఆర్చ్‌బిషప్పులు అందుకున్న ఉత్తరాలకు ఇదే పుట్టిల్లు.

జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం, వాషింగ్టన్. యేసు సభ మేరీల్యాండ్ ప్రావిన్స్ పత్రాలు ఇక్కడ ఉన్నాయి. 1838లో ప్రావిన్స్ పెద్ద థామస్ మల్లెడీ 272 మంది బానిసలను లూసియానా భూస్వాములకు అమ్మిన వ్యవహారానికి సంబంధించిన పత్రాలు జార్జ్‌టౌన్ స్లేవరీ ఆర్కైవ్ పేరుతో ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. కుటుంబాలను విడదీయకూడదని, వచ్చిన సొమ్ము అప్పులకు వాడకూడదని మహాధిపతి యాన్ రూథాన్ పెట్టిన షరతులను, జరిగినదానితో పక్కపక్కన పెట్టి చదవండి. ఈ ఉత్తరాల్లో గురువుల పేర్లు పూర్తిగా ఉంటాయి, అమ్ముడుపోయినవారి పేర్లు చాలాచోట్ల మొదటి పేరుతోనే ఆగిపోతాయి. అలాంటి ప్రతి పేరునూ మీ నోట్సులో విడిగా ఎక్కించి, అమ్మకపు జాబితాతోనూ జ్ఞానస్నాన పుస్తకాలతోనూ సరిచూడండి. ఉత్తరం రాసినవారు వారిని లెక్కలోని అంకెలుగా చూశారని మనమూ అలాగే చూడకూడదు.

మార్కెట్ విశ్వవిద్యాలయం, మిల్వాకీ. 1874లో మొదలైన కాథలిక్ ఇండియన్ మిషన్ల కార్యాలయ పత్రాలు, డొరతీ డే, కాథలిక్ వర్కర్ ఉద్యమ పత్రాలు ఇక్కడివి.

ఎమ్మిట్స్‌బర్గ్, మేరీల్యాండ్. 1975లో పునీతురాలిగా ప్రకటించబడిన ఎలిజబెత్ ఆన్ సీటన్ ఉత్తరాలకు డాటర్స్ ఆఫ్ చారిటీ మఠకన్యల భాండాగారం ప్రధానమైన చోటు.

సెయింట్ లూయీ. యేసు సభ భాండాగార, పరిశోధన కేంద్రం ఇక్కడ ఉంది. పశ్చిమ ప్రాంతాల మూలవాసుల మధ్య తిరిగిన పియెర్-జాన్ డి స్మెట్ వంటివారి మీద పనిచేసేవారు ఇక్కడ మొదలుపెట్టాలి.

వాషింగ్టన్‌లోని కాథలిక్ యూనివర్సిటీ ఆఫ్ అమెరికా. ఇరవయ్యో శతాబ్దపు సామాజిక ప్రశ్నలు, కార్మికోద్యమం, బిషప్పుల జాతీయ సంస్థల పత్రాలకు ఇక్కడికి వెళ్లాలి.

ఇక రోమ్. ప్రొపగాండా భాండాగారంతో పాటు, 1893లో వాషింగ్టన్‌లో ఏర్పడిన అపోస్తలిక్ ప్రతినిధి (పోపు ప్రతినిధి) కార్యాలయ పత్రాలు వాటికన్ అపోస్తలిక్ భాండాగారంలో ఉన్నాయి. పోపు పన్నెండో పయస్ కాలపు పత్రాలను 2020 మార్చిలో పరిశోధకులకు తెరిచారు. అయితే ఇల్లు కదలకుండానూ, అమెరికాలోనూ చదవగలిగినది పూర్తయ్యాకే రోమ్ సంగతి ఆలోచించండి.

మత భాండాగారాలకు బయట కూడా కాథలిక్ ఉత్తరాలు ఉంటాయి. క్యారల్‌కూ దేశ స్థాపక నాయకులకూ మధ్య నడిచిన లేఖలు కొన్ని ఫౌండర్స్ ఆన్‌లైన్ అనే జాతీయ భాండాగార వెబ్‌సైటులో, చదవగల పాఠంతో, ఉచితంగా ఉన్నాయి. పాత చేతిరాత అలవాటు లేనివారు వాటితో ధైర్యం తెచ్చుకోవచ్చు.

## 4. వివరణ పట్టికను చదవడం నేర్చుకోండి

ప్రతి సంపుటికీ (ఒక వ్యక్తి లేదా సంస్థ పత్రాల సముదాయానికి) ఫైండింగ్ ఎయిడ్ అనే వివరణ పట్టిక ఉంటుంది. ఎవరి పత్రాలు, ఎలా వచ్చాయి, ఎన్ని పెట్టెలు, ఏ పెట్టెలో ఏ ఫోల్డర్, ఏవి మూసి ఉన్నాయి అన్నది అందులో రాసి ఉంటుంది. చాలామంది నేరుగా పెట్టెల జాబితాకు దూకుతారు. మీరు ముందు మాట చదవండి. "1860కి ముందువి అగ్నిప్రమాదంలో పోయాయి" వంటి వాక్యం ఉండేది అక్కడే, అది ఒక్కటి చూస్తే వారం రోజుల పని తప్పుతుంది.

పట్టిక సాధారణంగా ఫోల్డర్ దగ్గర ఆగిపోతుంది. నోటర్ డేమ్ ప్రత్యేకత ఏమిటంటే, వారి పాత మేత్రాసన పత్రాలకు ఒక్కో ఉత్తరానికీ సారాంశం ఇచ్చే క్యాలెండర్ ఉంది. తేదీ వరుసలో ఉంటుంది, ఆన్‌లైన్‌లో వెతకవచ్చు. ఉత్తరం ఫ్రెంచిలో ఉన్నా లాటిన్‌లో ఉన్నా సారాంశం ఇంగ్లీషులోనే ఉంటుంది. ఫ్రెంచి రానివారు కూడా ఏ ఉత్తరం తమకు అవసరమో తేల్చుకోగలగడం చిన్న విషయం కాదు.

ఆ క్యాలెండరులో ఒక పద్దు ఇలా నడుస్తుంది. మొదట తేదీ. తరువాత రాసినవారి పేరు, ఊరు. ఆపైన ఎవరికి, ఏ ఊరికి. అటుపై కొన్ని వాక్యాల సారాంశం. చివరి పంక్తిలో రోమన్ అంకె, మామూలు అంకె, ఒక అక్షరం కలిసిన గుర్తు ఉంటుంది, అది ఉత్తరం ఉన్న చోటు. దాని పక్కన "ఏ.ఎల్.ఎస్." అని ఉంటే రచయిత స్వహస్తంతో రాసి సంతకం చేసిన ఉత్తరమని అర్థం. ఆ వెంట ఉత్తరం భాష, పేజీల సంఖ్య, కాగితం పరిమాణం వస్తాయి. పద్దును మొత్తంగా నకలు చేసుకోండి. సారాంశం ఒక్కటే రాసుకుని చివరి పంక్తి వదిలేస్తే, అసలు ఉత్తరాన్ని అడగాల్సిన రోజున మళ్లీ మొదటికి వస్తారు.

సారాంశం ఉత్తరానికి బదులు కాదు. దాన్ని రాసిన మనిషికి ముఖ్యమనిపించినదే అందులో ఉంటుంది. బిషప్పుల నియామకం గురించి నాలుగు వాక్యాలు ఉండి, అదే ఉత్తరంలోని వంటమనిషి ప్రస్తావన జారిపోవచ్చు. మీ పరిశోధన ఆ వంటమనిషి గురించే అయితే అసలు ప్రతి తెప్పించుకోక తప్పదు.

## 5. అచ్చయిన ఉత్తరాలను సరైన చోట ఉంచండి

క్యారల్ పత్రాలు 1976లో మూడు సంపుటాలుగా వెలువడ్డాయి. ఇలాంటి పండిత ప్రచురణలు ఉంటే ముందు అవే చదవండి. భాండాగారంలో గడిపే సమయాన్ని అచ్చుకాని వాటికి మిగుల్చుకోండి.

మిషన్ పత్రికల సంగతి వేరు. 1822లో లియోన్‌లో మొదలైన విశ్వాస వ్యాప్తి సంఘం, 1829లో వియన్నాలో ఏర్పడిన లియోపోల్డైన్ సంస్థ, 1838లో మ్యూనిక్‌లో ఏర్పడిన లుడ్విగ్ మిషన్ సంఘం అమెరికా మిషన్లకు ధనసహాయం చేసేవి. మిషనరీల ఉత్తరాలను చందాదారుల కోసం పత్రికల్లో అచ్చువేయడం వాటి పద్ధతి. చందాలు రాబట్టడమే ఆ పత్రికల ఉద్దేశం కాబట్టి ఉత్తరాలను కుదించారు, సరిదిద్దారు, తగాదాల ప్రస్తావన తీసేశారు. అచ్చులో చదివిన ఉత్తరాన్ని ఉటంకిస్తే అచ్చుప్రతి అనే చెప్పండి, చేతిరాత చూసినట్టు రాయకండి.

## 6. ఆర్కివిస్టుకు రాయండి, అనుమతి తీసుకోండి

మేత్రాసనాలు, మఠాలు ప్రైవేటు సంస్థలు. ప్రభుత్వ భాండాగారంలో ఉండే హక్కు అక్కడ మనకు లేదు. చాలా చోట్ల ఒక్కరే ఆర్కివిస్టు ఉంటారు, వారంలో కొన్ని రోజులే తెరుస్తారు. వెళ్లే ముందు కనీసం రెండు నెలలు వ్యవధి ఉండేలా రాయండి.

ఈమెయిల్‌లో ఉండవలసినవి:

- మీరెవరు, ఏ సంస్థ, ఏ పని కోసం (సొంత ఆసక్తి అయితే అదే చెప్పండి)
- వివరణ పట్టికలో చూసిన సంపుటి పేరు, పెట్టె, ఫోల్డర్ సంఖ్యలు
- రాదలచిన తేదీలు, లేదా స్కాన్ ప్రతులు కావాలన్న విన్నపం
- మూసి ఉంచిన పత్రాలు ఏవైనా ఉన్నాయా అన్న ప్రశ్న
- ఫొటో తీసుకోవచ్చా, రుసుము ఎంత

ఇండియాలో ఉన్నవారు స్కాన్‌ల కోసం అడిగేటప్పుడు "ఈ అంశం మీద ఉన్నవన్నీ" అని రాయకండి. ఒకటి రెండు ఫోల్డర్లు అడగండి. అవి చదివి, ఆర్కివిస్టుకు కృతజ్ఞత తెలిపి, తరువాతివి అడగండి. మీరు నిజంగా చదువుతున్నారని తెలిస్తే వారే పట్టికలో లేని ఫోల్డర్ల గురించి చెబుతారు.

అనుమతి నిరాకరిస్తే కారణం అడగండి. కొన్ని పత్రాలకు గడువు ఉంటుంది. డొరతీ డే డైరీలు, ఉత్తరాలు ఆమె 1980లో మరణించాక 25 ఏళ్లపాటు మూసి ఉంచి, ఆ తరువాతే తెరిచారు. జ్ఞానస్నాన, వివాహ పుస్తకాలకూ ఇలాంటి గడువులే ఉంటాయి. గడువు ఎప్పుడు తీరుతుందో తెలుసుకుని, ఈలోపు సంభాషణలోని అవతలి వైపు పత్రాలు ఎక్కడ ఉన్నాయో వెతకండి.

## 7. చదివే గదిలో

పెన్సిల్, ల్యాప్‌టాప్, కెమెరా తప్ప ఏమీ బల్ల మీదికి తీసుకుపోకండి. చేతులు కడుక్కుని పూర్తిగా ఆరనివ్వండి. పాత కాగితానికి సాధారణంగా చేతితొడుగులు వద్దంటారు, ఎందుకంటే వేళ్లకు స్పర్శ తెలియక అంచులు చిరుగుతాయి. ఫొటోగ్రాఫులకు మాత్రం తొడుగులు ఇస్తారు.

ఒకసారికి ఒక ఫోల్డరే తెరవండి. అందులోని వరుస తప్పుగా కనిపించినా మార్చకండి, ఆర్కివిస్టుకు చెప్పండి. ఇనుప సిరా తిని కాగితం చిల్లులు పడి ఉంటే, మడత విప్పడానికి కూడా మీరు పూనుకోవద్దు.

ఫొటోలు ఈ వరుసలో తీయండి. ముందు పెట్టె మీది చీటి, తరువాత ఫోల్డర్ మీది చీటి, ఆ తరువాత ఉత్తరం ప్రతి పుట, ఖాళీగా ఉన్నట్టు కనిపించే వెనుక పుటతో సహా. ఫ్లాష్ వాడకండి. ఆ సాయంత్రమే ఫైళ్లకు తేదీ, రాసినవారు, అందుకున్నవారు, పెట్టె, ఫోల్డర్ వచ్చేలా పేర్లు పెట్టండి. మర్నాటికి వాయిదా వేస్తే ఏ పుట ఏ ఉత్తరానిదో మీకే గుర్తుండదు.

## 8. ఉత్తరాన్ని చదవండి: మొదట కాగితం, తరువాత మాటలు

1845కు ముందు అమెరికాలో తపాలా రుసుము దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యను బట్టి ఉండేది. సాధారణంగా అందుకున్నవారే చెల్లించేవారు. కవరు పెడితే అది మరో కాగితం కింద లెక్క. అందుకని ఒక పెద్ద కాగితాన్ని మధ్యకు మడిచి, మూడు పుటల్లో రాసి, నాలుగో పుట బయటికి వచ్చేలా చుట్టి, మైనంతో అంటించి, దాని మీదే చిరునామా రాసేవారు. చోటు చాలకపోతే అంచుల్లో, లేదా రాసిన పంక్తుల మీదుగా అడ్డంగా రాసేవారు. అడ్డగీతల ఉత్తరం చదవాలంటే కాగితాన్ని తిప్పి ఒక దిశలోని పంక్తులనే చూస్తూ పోండి. కాసేపటికి రెండో దిశ కంటికి అడ్డురాదు.

నాలుగో పుటను చదవకుండా వదలకండి. తపాలా ముద్రలో పంపిన ఊరు, తేదీ ఉంటాయి. ముద్ర లేదంటే ఎవరో ప్రయాణికుడి చేతికిచ్చి పంపారని అనుకోవచ్చు, ఆయన పేరు ఒక్కోసారి మూలన ఉంటుంది. అందుకున్నవారు మడతపై సన్నటి అక్షరాలతో రాసుకున్న పంపినవారి పేరు, అందిన తేదీ, జవాబిచ్చిన తేదీ మీకు బంగారం. జవాబిచ్చిన తేదీ దొరికిందంటే మీరు వెతకవలసిన తరువాతి ఉత్తరం తేదీ దొరికినట్టే.

తేదీలు. ఫ్రెంచి గురువులు 7 అంకె పక్కన బి, ఆర్, ఇ అక్షరాలు చేర్చి రాస్తే అది జూలై కాదు, సెప్టెంబర్. అలాగే 8తో రాసినది అక్టోబర్, 9తో రాసినది నవంబర్, ఎక్స్ అక్షరంతో రాసినది డిసెంబర్. లాటిన్ నెలల పేర్లలోని ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది అంకెల నుంచి వచ్చిన అలవాటు ఇది. ఇంగ్లీషు ఉత్తరాల్లో "ఇన్‌స్టంట్" అంటే ఈ నెల, "అల్టిమో" అంటే గత నెల, రెండింటినీ కుదించే రాస్తారు. తేదీ బదులు పండుగ పేరు రాస్తే, మరియమ్మ మోక్షారోపణ పండుగ ఆగస్టు 15 అని సులువుగా తేలుతుంది. విభూతి బుధవారం వంటివి ఈస్టర్‌ను బట్టి మారతాయి కాబట్టి ఆ ఏటి ఈస్టర్ తేదీ చూసి లెక్కగట్టాలి.

1752కు ముందు మేరీల్యాండ్ వంటి బ్రిటిష్ వలసల్లో సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, క్యాలెండర్ కూడా పాతదే. అప్పటి ఫిబ్రవరి ఉత్తరంపై 1740 అని ఉంటే మన లెక్కలో అది 1741. మీ నోట్సులో ఉత్తరంలో ఉన్నట్టే రాసి, సరిచేసిన తేదీని చదరపు కుండలీకరణంలో పెట్టండి.

సంతకాలు. బిషప్పులు పేరుకు ముందు సిలువ గుర్తు వేసి, ఇంటిపేరు లేకుండా మొదటి పేరు, పీఠం పేరుతో సంతకం చేయడం ఉంది. పీఠం పేరు లాటిన్‌లో ఉంటే న్యూయార్క్ "నియో-ఎబొరాచెన్" అవుతుంది. కాబట్టి పీఠాల లాటిన్ పేర్ల పట్టిక ఒకటి దగ్గర పెట్టుకోండి.

భాష. సల్పీషియన్లది ఫ్రెంచి. రోమ్‌తో వ్యవహారానికి లాటిన్, ఇటాలియన్. జర్మన్ గురువుల చేతిరాత కుర్రెంట్ లిపిలో ఉంటుంది, జర్మన్ వచ్చినవారికి కూడా అది వేరుగా నేర్చుకోవాలి. ట్రాన్స్‌క్రిబస్ వంటి సాఫ్ట్‌వేర్ చేతిరాతను పాఠంగా మారుస్తుంది. దాన్ని మొదటి చిత్తుగా వాడుకుని, పేర్లు, అంకెలు మాత్రం ప్రతిదీ స్వయంగా ఫొటోతో సరిచూడండి.

## 9. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి దిద్దుబాటు

ఒకే పేరున్న ఇద్దరిని ఒకరిగా అనుకోవడం. 1776లో కాంటినెంటల్ కాంగ్రెస్ తరఫున కెనడాకు వెళ్లిన బృందంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్‌తో పాటు ఇద్దరు క్యారల్‌లు ఉన్నారు. ఒకరు గురువు జాన్, మరొకరు ఆయన బంధువు, క్యారల్‌టన్‌కు చెందిన చార్లెస్. కెన్రిక్ సోదరుల చిక్కు ఇంకా గట్టిది. ఫ్రాన్సిస్ ప్యాట్రిక్ 1851 నుంచి 1863 దాకా బాల్టిమోర్ ఆర్చ్‌బిషప్, ఆ ఏళ్లన్నిటా తమ్ముడు పీటర్ రిచర్డ్ సెయింట్ లూయీ ఆర్చ్‌బిషప్. "ఆర్చ్‌బిషప్ కెన్రిక్" అని మాత్రమే ఉన్న ఉత్తరానికి ఊరు, చేతిరాత, ప్రస్తావించిన మనుషులు, మూడూ చూసి గాని పేరు ఖాయం చేయకండి.

మఠకన్యలను ఒకే పేరుతో వెతకడం. 1840లో ఇండియానాకు వచ్చిన మదర్ థియోడోర్ గెరెన్ పుట్టిన పేరు ఆన్-తెరెజ్. మఠం పేరు, ఇంటిపేరు, పెళ్లయి వచ్చినవారైతే భర్త ఇంటిపేరు, ఇలా అన్నిటితో వెతకండి. ఆ తరువాత బిషప్ పత్రాల్లో మఠం పేరుతో వెతకండి, పట్టికలో ఆమె పేరే లేకుండా "మఠకన్యల నుంచి" అని ఉండవచ్చు.

దొరకనిది లేదనుకోవడం. ఉత్తరం కనిపించకపోతే వరుసగా ఈ నాలుగూ చూడండి: అందుకున్నవారి తరువాత పదవి చేపట్టినవారి పత్రాలు, ఆ వ్యవహారం గురించి మూడో వ్యక్తి రాసిన లేఖలు, రోమ్ నకలు పుస్తకాలు, ఆ కాలపు కాథలిక్ పత్రికలు. చార్ల్స్‌టన్ బిషప్ జాన్ ఇంగ్లండ్ 1822లో మొదలుపెట్టిన పత్రిక వంటివాటిలో ఉత్తరాలు నేరుగా అచ్చయ్యేవి.

ఒక పక్షం మాట నమ్మడం. ధర్మకర్తలకూ (విచారణ ఆస్తిని చూసే గృహస్థులకూ) బిషప్‌కూ తగాదా నడిచిన విచారణల్లో బిషప్ పత్రాలు మాత్రమే చదివితే ధర్మకర్తలంతా తిరుగుబాటుదారులుగానే కనిపిస్తారు. వారూ రోమ్‌కు విన్నపాలు పంపారు, అవి ప్రొపగాండాలో ఉన్నాయి.

## 10. నకలు, హక్కులు, ఉటంకింపు

నకలు రాసేటప్పుడు అక్షరదోషాలు, పెద్దక్షరాలు, కొట్టివేతలు ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. చదవలేని మాట దగ్గర ఊహించి నింపకుండా చదరపు కుండలీకరణంలో "చదవలేనిది" అని పెట్టండి. తెలుగులోకి అనువదించి ప్రచురిస్తే, కీలకమైన వాక్యాల మూలపాఠాన్ని కూడా ఇవ్వండి.

కాగితం భాండాగారానిదైనా, అందులోని రచన మీద హక్కు రాసినవారిది, తరువాత వారి వారసులది. అమెరికా చట్టం ప్రకారం అచ్చుకాని ఉత్తరాలకు సాధారణంగా రచయిత మరణించాక 70 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. క్యారల్ కాలపు లేఖలకు ఈ చిక్కు లేదు. ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరాలకు మాత్రం ముందే అడగండి. ఫొటో ప్రచురించాలంటే భాండాగారం అనుమతి వేరుగా కావాలి.

ఉటంకింపులో ఈ వరుస పాటించండి.

- రాసినవారు, అందుకున్నవారు
- ఊరు, తేదీ
- పంపిన ప్రతి, చిత్తు, నకలు, అచ్చు, వీటిలో ఏది
- ఫోల్డర్, పెట్టె
- సంపుటి పేరు
- భాండాగారం, ఊరు
- ఆన్‌లైన్‌లో చూస్తే చూసిన తేదీ

పని అచ్చయ్యాక ఒక ప్రతిని ఆ భాండాగారానికి పంపండి. తేదీ లేని ఉత్తరానికి మీరు తేదీ కట్టినా, రాసినదెవరో గుర్తించినా, ఆధారంతో సహా ఆ వివరాన్ని ఆర్కివిస్టుకు విడిగా రాయండి. పట్టికలో దాన్ని ఎక్కించేది వారే.